పారవేసినది ఎక్కడికి పోతుంది?



ఇంట్లో పనికిరాని వస్తువును తీసివేసినప్పుడు "పారవేశాను" అంటాము. అంతటితో దాని సంగతి మరచిపోతాము. కాని అది ఎక్కడికి పోయినట్లు? అరటి తొక్క అయితే పెంటకుప్పలో పడి కొన్ని వారాల్లో ఎరువవుతుంది. పాత నూలుగుడ్డ అయితే చివికి మట్టిలో కలుస్తుంది. ఈ రెంటి విషయంలో "పోయింది" అనడంలో తప్పులేదు. మరి పగిలిన థర్మామీటరులోని పాదరసం? టార్చిలైటులో ఉబ్బి కారిన బ్యాటరీ? పత్తి చేనుకు కొట్టగా డబ్బా అడుగున మిగిలిన పురుగుమందు? ఇవి ఎక్కడికీ పోవు. మన కంటికి కనబడని చోటికి మారతాయి, అంతే. పదార్థము రూపము మార్చుకొనునే గాని శూన్యము కాదని సెమినరీలో తత్త్వశాస్త్రం తరగతిలో మేము బట్టీ పట్టేవాళ్ళం. ఫ్యాక్టరీ గోడ పక్కన బావి ఉన్న రైతుకు ఆ పాఠం ఎవరూ చెప్పనక్కరలేదు.

"ప్రమాదకర వ్యర్థాలు" అనే మాట పత్రికల్లో తరచు చూస్తున్నాము. దేనిని ప్రమాదకరం అంటారు? శాస్త్రజ్ఞులు నాలుగు గుణాలు చెబుతారు. సులభంగా మంట అంటుకొనేవి, లోహాన్నీ చర్మాన్నీ తినివేసేవి, నీరో వేడో తగిలితే పేలిపోయేవి లేదా విషవాయువు వదిలేవి, ఒంట్లోకి చేరితే విషమయ్యేవి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ వ్యర్థం ప్రమాదకరమైనదే. రంగుల కంపెనీలో మిగిలే మడ్డి, మందుల కంపెనీలో వాడిన ద్రావకాలు, తోళ్ళ పరిశ్రమలోని క్రోమియం, వర్కుషాపులో తీసివేసిన ఇంజన్ ఆయిలు, ఇవన్నీ ఈ కోవలోనివే. మన దేశంలో వీటికంటూ ప్రత్యేక నిబంధనలు 1989లో వచ్చాయి. భోపాల్ దుర్ఘటన జరిగిన అయిదేళ్ళకు అన్నమాట. 2008లోను, 2016లోను వాటిని తిరగరాశారు.

ఇటువంటి వ్యర్థాలను వదిలించుకోవడానికి మనిషి వెదికిన దారులన్నీ చివరికి మూడే: మట్టిలో పూడ్చడం, నీటిలో కలపడం, నిప్పులో కాల్చడం. ఒక్కొక్క దారి ఎక్కడికి చేరిందో చూద్దాం.

మట్టి సంగతి ముందు. అమెరికాలో నయాగరా జలపాతం దగ్గర లవ్ కెనాల్ అనే పేట ఉండేది. పంతొమ్మిదో శతాబ్దం చివర ఎవరో కాలువ తవ్వడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. ఆ గుంటలో హుకర్ అనే రసాయనాల కంపెనీ 1942 నుండి సుమారు 21,000 టన్నుల వ్యర్థాలను పీపాల్లో పెట్టి పూడ్చింది. పైన మట్టి కప్పి, 1953లో ఆ స్థలాన్ని అక్కడి పాఠశాలల బోర్డుకు అమ్మింది. ఎంతకు అనుకున్నారు? ఒక్క డాలరుకు. అడుగున రసాయనాలున్నాయని, ముందు ముందు ఏమి జరిగినా తమకు పూచీ లేదని దస్తావేజులో రాయించుకున్నది. ఆ మాట రాసినవారికి లోపల ఏమున్నదో తెలుసు. కొన్నవారికీ తెలుసు. తెలియనిది తరువాత అక్కడ ఇళ్ళు కొనుక్కున్న సామాన్యులకు, బడికి వెళ్ళిన పిల్లలకు. ఇరవై ఏళ్ళు గడిచాయి. వానలకు, కరిగిన మంచుకు భూమి నాని, తుప్పు పట్టిన పీపాలు పైకి తేలాయి. ఇళ్ళ నేలమాళిగల్లోకి నల్లటి ఊట దిగింది. 1978 ఆగస్టులో ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించి, మొదటి విడతలోనే రెండు వందలకు పైగా కుటుంబాలను ఖాళీ చేయించింది. ఇటువంటి పాత గుంటలను శుభ్రం చేయడానికి 1980లో అమెరికా ప్రత్యేక చట్టమే చేసుకోవలసి వచ్చింది.

పూడ్చడానికి కూడా తీరిక లేనివారు కుప్పపోసి వెళ్ళిపోతారు. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిచ్ఛ్రీ అనే ఊళ్ళో అదే జరిగింది. 1980 దశకం చివర అక్కడ రంగుల తయారీకి వాడే "హెచ్ యాసిడ్" అనే రసాయనం కొద్దికాలం తయారు చేశారు. ఫ్యాక్టరీ మూతపడింది గాని, రెండు వేల టన్నులకు పైగా మడ్డి అక్కడే ఉండిపోయింది. వానపడ్డప్పుడల్లా అది భూమిలోకి ఇంకి, చుట్టుపక్కల పల్లెల బావుల్లో నీరు రంగు మారింది. మనుషులు తాగడానికి గాని, పశువులకు గాని, పైరుకు గాని పనికిరాకుండా పోయింది. ఆ వ్యాజ్యంలో 1996 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును రాసినది మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు. చెడగొట్టినవాడే బాగుచేసే ఖర్చు భరించాలన్నది ఆ తీర్పు సారం. న్యాయం వినడానికి ఎంత సూటిగా ఉందో చూడండి. అయినా ఆ కంపెనీ పిటిషన్ మీద పిటిషన్ వేస్తూ పదిహేనేళ్ళు లాగింది. 37 కోట్ల రూపాయలకు పైబడిన ఆ సొమ్మును చక్రవడ్డీతో కట్టమని 2011లో సుప్రీంకోర్టు మరల చెప్పవలసి వచ్చింది. బావి చెడడానికి ఏడాది చాలింది. దానిని బాగుచేసే డబ్బు కోసం కోర్టుల చుట్టూ ఒక తరం గడిచిపోయింది.

ఇప్పుడు పూడ్చే పద్ధతి మెరుగుపడిందని ఒప్పుకోవాలి. గుంట అడుగున బిగించిన బంకమట్టి, దానిపైన మందమైన ప్లాస్టిక్ షీట్లు, ఊటనీరు పట్టుకోవడానికి గొట్టాలు, నిండిన తరువాత పైన మళ్ళీ అదే విధంగా మూత. చుట్టూ బోర్లు వేసి నీటిని పరీక్షిస్తుండాలి. హైదరాబాదు దగ్గర దుండిగల్‌లో 2001 నుండి ఇటువంటి కేంద్రం నడుస్తున్నది. విశాఖ పక్కన పరవాడలోను ఒకటి ఏర్పాటైంది. ఏ ఏర్పాటూ లేని కుప్పకంటె ఇది ఎన్నో రెట్లు నయం. గుంట మూసిన తరువాత 30 ఏళ్ళు కాపలా కాయాలన్నది మన దేశంలో పెట్టుకున్న నియమం. ఇక్కడ నాకొక సందేహం. పాదరసానికి, సీసానికి, క్రోమియానికి ముప్పయి ఏళ్ళు ఒక లెక్కా? అవి మూలకాలు, వందేళ్ళైనా, వేయేళ్ళైనా అవి అవే. ముప్పయ్యొకటో ఏట ఆ గుంట దగ్గర ఎవరు నిలబడతారు?

నీటి సంగతికి వస్తే మనం దూరం పోనక్కరలేదు. మెదక్ జిల్లాగా ఉన్న రోజుల్లో, 1970 దశకంలో, పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాలను పరిశ్రమలకు తెరిచారు. వెనుకబడిన ప్రాంతం బాగుపడాలన్న ఆశ తప్పు కాదు. మందుల కంపెనీలు, రంగుల కంపెనీలు, పురుగుమందుల కంపెనీలు వరుసగా వచ్చాయి. వాటి నీళ్ళు నక్కవాగులో పడ్డాయి. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. వాగు పొడవునా ఉన్న పల్లెల్లో బావులు చెడిపోయాయి, వరి పండలేదు, పశువులు చచ్చాయి. 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. నష్టపోయిన రైతులకు పరిహారం ఇమ్మని కోర్టు ఆదేశించింది. అక్కడే వైద్యం చేస్తుండిన డాక్టరు అల్లాణి కిషన్ రావు గారు జీవితకాలమంతా ఈ పోరాటంలోనే గడిపారు.

1994లో అక్కడ ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. ఫ్యాక్టరీల నుండి ట్యాంకర్లలో నీళ్ళు తెచ్చి అక్కడ పోస్తే, శుద్ధి చేసి వాగులోకి వదలాలి. ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే గాని చిక్కు అర్థం కాదు. మురుగునీటి శుద్ధిలో ముఖ్యమైన పని చేసేది సూక్ష్మజీవులు. మురికిని అవి తింటాయి. మరి వచ్చే నీటిలోనే సూక్ష్మజీవులను చంపే మందులుంటే? తొంభై వరకు మందుల కంపెనీల నీళ్ళు చేరే ఆ కేంద్రం నుండి శుద్ధి అయి బయటికి వస్తున్న నీటిని స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2007లో ఫలితం ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అని, జ్వరానికి, విరేచనాలకు మన డాక్టర్లు రాసే మందు తెలుసు కదా? లీటరు నీటిలో అది 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నది. ఒక్క రోజులో ఆ కేంద్రం నుండి పోయే నీటిలోని సిప్రోఫ్లాక్సాసిన్ సుమారు 45 కిలోలని వారి లెక్క. అంటే స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందు. మాత్రలు మింగినవాడికి రోగం తగ్గుతుంది. వాగులో మాత్రలు కలిస్తే రోగక్రిములు ఆ మందుకు అలవాటు పడి, లొంగకుండా తయారవుతాయి. ఆ లొంగని గుణాన్ని ఒక క్రిమి మరొక క్రిమికి అందించగలదు కూడా. తరువాత ఆసుపత్రిలో పసిబిడ్డకు ఇన్ఫెక్షను వస్తే అదే మందు పనిచేయదు.

ఆ తరువాత జరిగినది గమనించండి. పటాన్‌చెరు నీటిని గొట్టాల ద్వారా హైదరాబాదు మురుగు కాలువలో కలిపి, అంబర్‌పేట కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. అక్కడ శుద్ధి అయిన నీరు చేరేది మూసీలోకి. నక్కవాగు ఒడ్డువారికి కొంత ఊరట కలిగింది. బరువు మూసీ ఒడ్డువారి మీదికి జరిగింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 43 ప్రాంతాలను తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా గుర్తించినప్పుడు, పటాన్‌చెరు–బొల్లారం, విశాఖపట్నం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి.

"నీళ్ళలో కలిస్తే పలచబడిపోతుంది కదా, ఫాదర్ గారూ?" అని కొందరు అడుగుతారు. కొన్నింటి విషయంలో నిజమే. కాని పాదరసం వంటివి పలచబడవు, పోగుపడతాయి. నీటిలో పిసరంత ఉన్నదానిని నాచు పీల్చుకుంటుంది, నాచును చిన్నచేప, చిన్నచేపను పెద్దచేప, పెద్దచేపను మనిషి. మెట్టు మెట్టుకూ విషం చిక్కబడుతుంది. జపాన్‌లో మినమాటా అఖాతం చేపలు తిన్న కుటుంబాలకు నరాల జబ్బు వచ్చినట్లు 1956లో బయటపడినది ఇందువల్లనే. ఇక నేల లోతుల్లోకి పంపు చేస్తే అనే ఆలోచన కూడా చేసి చూశారు. అమెరికాలో డెన్వర్ నగరం పక్కన సైన్యంవారు మూడున్నర కిలోమీటర్లకు పైగా లోతు బోరు తవ్వి, 1962 నుండి రసాయనపు నీళ్ళు లోపలికి ఎక్కించారు. వెంటనే భూకంపాలు మొదలయ్యాయి. 1966లో ఆపివేశారు. పెద్ద కుదుపులు మాత్రం ఆపిన మరుసటి ఏడు వచ్చాయి.

మిగిలినది నిప్పు. నిప్పుతో అన్నీ శుద్ధి అవుతాయని మన నమ్మకం. అందులో కొంత సత్యముంది. ద్రావకాలు, నూనెలు, పురుగుమందులు వంటి కర్బన రసాయనాలను 1100 డిగ్రీల వేడిలో కనీసం రెండు క్షణాలు నిలిపితే, అవి విడిపోయి మామూలు వాయువులుగా మారతాయి. అందుకే ఇన్‌సినరేటర్ అనే బట్టీలో రెండు అరలు ఉంటాయి. మొదటి అరలో మండిన పొగను రెండో అరలో మళ్ళీ కాలుస్తారు. సిమెంటు బట్టీల్లో అంతకంటె ఎక్కువ వేడి ఉంటుంది కనుక కొన్ని వ్యర్థాలను అక్కడ ఇంధనంగా వాడుతున్నారు. బాగా నడిపితే అది మంచి పద్ధతే. అయితే క్లోరిన్ ఉన్న వస్తువును కాల్చి, ఆ పొగను మెల్లగా చల్లారనిస్తే డయాక్సిన్లనే భయంకర విషాలు పుడతాయి. అందుకని పొగను ఒక్కసారిగా చల్లార్చాలి, సున్నంతో కడగాలి, వడపోయాలి. లోహాలు మాత్రం ఎంత వేడికీ కాలవు. కొన్ని బూడిదలో ఉంటాయి, పాదరసం వంటివి పొగతో లేచిపోవాలని చూస్తాయి.

భోపాల్ వ్యర్థాల కథ ఈ మూడు దారులనూ ఒకేచోట చూపిస్తుంది. 1984 డిసెంబరు 2 రాత్రి విషవాయువు సంగతి అందరికీ తెలుసు. అంతకు ముందు పదిహేనేళ్ళుగా ఆ ఫ్యాక్టరీ ఆవరణలో పురుగుమందుల మడ్డిని మట్టిలో పోస్తూ వచ్చిన సంగతి చాలామందికి తెలియదు. 1977లో ప్రహరీ బయట చెరువులు తవ్వి, వ్యర్థజలాన్ని ఎండకు ఆవిరి చేసే ఏర్పాటు కూడా చేశారు. విషవాయువు ఒక్క రాత్రి వీచింది. నేలలోకి దిగినది మాత్రం ఏళ్ళ తరబడి చేతిపంపుల్లోకి వచ్చింది. చుట్టుపక్కల పేటలకు మంచినీళ్ళు సరఫరా చేయమని 2004లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.

2005లో ఆవరణలో చెల్లాచెదరుగా ఉన్న వ్యర్థాలను పోగుచేసి షెడ్డులో పెట్టారు. అక్కడి నుండి వాటిని ఎవరూ రానివ్వలేదు. గుజరాత్‌లో అంక్లేశ్వర్‌కు అనుకుంటే ఆ రాష్ట్రం వద్దన్నది. నాగపూర్‌కు అనుకుంటే మహారాష్ట్రలో ఒప్పుకోలేదు. జర్మనీకి విమానంలో పంపుదామని మాట్లాడుకుంటే, అక్కడి ప్రజలు కాదనడంతో 2012లో ఆ సంస్థ వెనక్కి తగ్గింది. చివరికి హైకోర్టు గడువు పెట్టగా, 2025 జనవరి 1 రాత్రి 12 కంటైనర్లలో 337 టన్నులు భోపాల్ నుండి బయలుదేరి, 250 కిలోమీటర్ల దూరంలోని పీథంపూర్ చేరాయి. మరునాడే అక్కడ జనం రోడ్డెక్కారు. ఇద్దరు ఒంటికి నిప్పంటించుకున్నారు. మొదట మూడు విడతలు ప్రయోగంగా కాల్చి చూసి, 2025 జూన్ నెలాఖరుకు అంతా కాల్చివేశారు. ఆమ్లవాయువులను విరవడానికి సున్నం కలుపుతారు కనుక, మిగిలిన బూడిద మొదటి వ్యర్థంకంటె ఎక్కువ బరువు తూగింది. ఆ బూడిదను ఎక్కడ పూడ్చాలన్న తగవు 2025లోనే మరల హైకోర్టుకు వచ్చింది.

పీథంపూర్ ప్రజలను తప్పుపట్టడం నాకు చేతకాదు. భోపాల్ ప్రజలు నలభై ఏళ్ళు మోశారు, ఇక మీరు మోయండి అంటే ఎవరు సంతోషిస్తారు? భోపాల్ వారినీ తప్పుపట్టలేము. తప్పు చేసినవారు ఈ ఇద్దరిలోనూ లేరు. తగవులాడుకుంటున్నది మాత్రం వీరే. ఇంకొక లెక్క చెబుతాను. నాగపూర్‌లోని నీరీ, మన హైదరాబాదులోని భూభౌతిక పరిశోధన సంస్థ కలిసి 2010లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ ఫ్యాక్టరీ నేలలో కలుషితమైన మట్టి 11 లక్షల టన్నులు. పీథంపూర్‌లో కాల్చినది 337 టన్నులు.

ఇటువంటి గుంటలు, బట్టీలు, కాలువలు ధనవంతుల పేటల పక్కన ఎందుకుండవు? దివంగత జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో వెలువరించిన "లౌదాతో సీ" విశ్వలేఖలో భూమి మొరను, పేదల మొరను కలిపి వినమన్నది ఈ కారణంగానే. అయితే ఫ్యాక్టరీలన్నీ మూసివేయమని నేను చెప్పడం లేదు. మన విచారణల యువకులు ఎందరో మందుల కంపెనీల్లో పనిచేసి ఇల్లు నడుపుతున్నారు. మన అలమరలోని మాత్రలు అక్కడివే. వ్యర్థమే పుట్టకుండా తయారీ పద్ధతి మార్చుకోవడం, వాడిన ద్రావకాన్ని శుద్ధి చేసి మళ్ళీ వాడుకోవడం అన్నింటికంటె మేలైన దారి. అది చేస్తున్న కంపెనీలూ ఉన్నాయి. కాలువలో వదలడం చవక కనుకనే మిగిలినవారు ఆ దారికి రావడం లేదు.

ఇక మన ఇళ్ళ సంగతి. పురుగుమందు డబ్బా ఎంత కడిగినా తిండికి, నీళ్ళకు వాడకూడదు. 2013 జూలైలో బీహార్‌లో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు స్ప్రేయరులోనే పోసి చేనుకు కొట్టండి. తరువాత డబ్బాకు చిల్లులు పొడవండి. కాలువలో కడగవద్దు. పాత ఇన్వర్టరు బ్యాటరీని కొత్తది కొన్న షాపుకే ఇచ్చివేయండి. నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని ఇనప సామాన్ల బండికి వేస్తే, ఏదో సందులో పిల్లల మధ్య సీసం కరిగిస్తారు. ట్యూబులైటు పగిలితే కిటికీలు తెరిచి పావుగంట బయట ఉండి, అట్టముక్కతో ఎత్తి, తడిగుడ్డతో తుడవండి. చీపురు పెట్టకండి. ఇటువంటి వాటిని వేరుగా తీసుకోవాలని 2016 నిబంధనలు మునిసిపాలిటీలకు చెప్పాయి. అడిగితే గాని బండి రాదు. డాక్టరు రాసిన యాంటీబయాటిక్ పూర్తిగా వాడండి, మిగిలితే సింకులో పోయకండి.

పండుగ మరునాడు గుడి ఆవరణలో ఫ్లెక్సీలు, ప్లాస్టిక్ గ్లాసులు పోగేసి తగలబెట్టడం చాలా విచారణల్లో చూస్తుంటాము. ఫ్లెక్సీ అంటే పి.వి.సి., అందులో క్లోరిన్ ఉంటుంది. పైన చెప్పిన డయాక్సిన్లు పుట్టడానికి అంతకంటె అనువైన మంట లేదు. పీఠాధిపతులవారి రాకకు గుడ్డ బ్యానరు కడితే గౌరవం ఏమీ తగ్గదు.

మీ ఊరి దగ్గర ప్రమాదకర వ్యర్థాల కేంద్రమో, రసాయన పరిశ్రమో వస్తున్నదని వింటే, ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడో తెలుసుకోండి. 2006 నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు దినపత్రికలో ప్రకటించాలి. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. కలెక్టరు కార్యాలయంలో అడిగి చదవండి. అడుగున షీటు ఎన్ని పొరలు, చుట్టూ పరీక్ష బోర్లు ఎన్ని, ఫలితాలు పంచాయతీ గోడ మీద పెడతారా, గుంట మూసిన తరువాత కాపలాకు డబ్బు ఎవరి పేరున ఉంటుంది అని అడగండి. అడిగినది, వారు చెప్పినది రాతలో పెట్టి, సభ ముగిసే ముందు తెలుగులో చదివి వినిపించాలి. ఆ సభకు ఇంతమంది రావాలన్న నియమమేమీ లేదు. ఇద్దరే వచ్చినా సభ జరిగినట్లే లెక్క.